పాలకి షుగరొచ్చింది

ప్రొఫెసర్ మృత్యుంజయ గారికి పాలంటే ప్రాణం. పాలకి మాత్రం ఆయన పొడ గిట్టదు.

చిన్నప్పుడు కాకినాడలో గ్లాసులకి గ్లాసులు తాగిన మనిషే. నలభై దాటాక ఏమయిందో, అరగ్లాసు పాలు లోపలికి వెళ్ళాయంటే చాలు, కడుపులో మేళతాళాలు మొదలయ్యేవి. అలాంటి మనిషికి ఉద్యోగం కలకత్తాలో. వీధికి రెండు మిఠాయి కొట్లు, ఇంటింటా పాయేష్. పాయేష్ అంటే మన పరమాన్నమే. కాకపోతే పాలు సగమయ్యేదాకా మరిగించి, చలికాలమయితే కొత్త ఖర్జూర బెల్లం వేస్తారు. ఆ వాసనకి మృత్యుంజయ గారు ఎంతటి ప్రతిజ్ఞలయినా మరిచిపోయేవారు.

రెండువేల అయిదో సంవత్సరం చలికాలంలో ఒక సహోద్యోగి మనవడికి అన్నప్రాశన జరిగింది. ఆయన ఒక గిన్నెడు పాయేష్ తిని, ఎవరూ చూడటంలేదని ఇంకో గిన్నె తీసుకున్నారు. తీరా అందరూ ఫొటో కోసం నిలబడే వేళకి ఆయన స్నానాల గదిలో గడియ పెట్టుకుని ఉన్నారు. బయట చుట్టాలు వరస కట్టారు.

"లోపల ఎవరు?" అని ఒకాయన బెంగాలీలో అడిగితే, "మద్రాసీ ప్రొఫెసర్, పొద్దుటినుంచీ అక్కడే," అని ఇంకెవరో జవాబు చెప్పడం ఆయనకి లోపలికి స్పష్టంగా వినిపించింది.

మర్నాడు ల్యాబులో అడుగు పెడుతూనే తన విద్యార్థిని డోర్కాస్‌ని పిలిచి, "మన ఎంజైము దొరికిందమ్మా," అన్నారు.

డోర్కాస్ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. హౌరా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి సత్యరాజు అక్కడ రైలుపెట్టెలు బాగుచేసే కార్‌షెడ్‌లో ఫిట్టరు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన కుటుంబం. డోర్కాస్ బెంగాలీ గడగడా చదువుతుంది, ఆదివారం ప్రార్థనలో తెలుగు బైబిలు మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుంటుంది. ప్లాస్మాతో ప్లాస్టిక్‌కి ఎంజైములు అతికించడం ఆమె పరిశోధన. ఏ ఎంజైమన్నది మాత్రం అప్పటిదాకా తేలలేదు. అది తేల్చింది ప్రొఫెసర్ గారి కడుపు.

ఆ సాయంత్రం ఇంట్లో డోర్కాస్ ఈ సంగతి చెబుతుంటే తల్లి కాంతం కూర తరుగుతూ విన్నది.

"ఏటే ఆ ప్లాస్మా అంటే?"

"డబ్బాలోంచి గాలి లాగేసి, మిగిలిన కూసింత గేసులోకి కరెంటు వదిలితే మెరుస్తాదమ్మా, మన ట్యూబులైట్లో లాగ. ఆ మెరుపు తగిలిందంటే ప్లాస్టిక్ పైపొర చెదిరిపోయి, దగ్గరికేదొస్తే దాన్ని గట్టిగా పట్టీసుకుంటాది."

"అంటే సున్నం ఏసేముందు గోడ గీకుతారు, అలగా?"

"అలాగే. మేం సున్నం బదులు ఎంజైము ఏస్తాం. పాలల్లో ఒక చక్కెరుంటాది. దాన్ని రెండు ముక్కలు చేసే కత్తెరనుకో. మా సార్ కడుపులో ఆ కత్తెర తగ్గిపోయింది. అందుకని జగ్గు లోపల అతికిస్తన్నాం."

కాంతం కత్తిపీట మీంచి తలెత్తింది. "పాలు పడనోడు పాలు మానీవాల గానీ, జగ్గుకి కత్తెర్లు అతికించడం ఏటే?"

డోర్కాస్‌కి ఆ ప్రశ్న నచ్చింది గానీ, ప్రొఫెసర్ గారి ముందు వెయ్యడానికి ధైర్యం చాలలేదు. ఆయన వాదన వేరు. మందు చుక్కల్లా పాలలో కలిపితే ఎంజైము ఆ గ్లాసుతోనే సరి. గోడకి అతికిస్తే అక్కడే ఉండి, పోసిన పాలన్నిటికీ పని చేస్తుంది. అయితే అది నిజంగా అతికిందా, ఊరికే ఆనుకుని ఉందా అన్నదే చూడాలి. ప్లాస్మా పెట్టని జగ్గులోంచి ఒక్క కడుగుకే మొత్తం కొట్టుకుపోయింది. ప్లాస్మా పెట్టిన జగ్గు సంగతి చెప్పాలంటే అందులో పోసిన పాలలో, తెగిన చక్కెర ముక్కల్లో ఒకటైన గ్లూకోజు ఎంత పుట్టిందో కొలవాలి. అంతలో కొలిచే యంత్రంలో దీపం కాలిపోయింది. కొత్త దీపం కోసం పంపిన కాగితం పై ఆఫీసులో ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు.

అప్పుడు మృత్యుంజయ గారు టిఫిను సంచీలోంచి ఒక చిన్న మీటరు తీశారు. వేలు గుచ్చి, రక్తపు బొట్టుతో షుగర్ చూసుకునే మీటరు.

"ఇదెక్కడిది సార్?"

"తెలిసినవాళ్ళది."

ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్న భార్యని తెలిసినవాళ్ళలో లెక్క వెయ్యడం అబద్ధం కిందికి రాదని ఆయన ఉద్దేశం. భార్య లలితాంబకి షుగరు. పొద్దున్న లేవగానే చూసుకుని మీటరు అలమరాలో పెట్టేస్తుంది. మళ్ళీ మర్నాటిదాకా దాని అవసరం లేదు. అడిగితే ఏం, ఇస్తుంది. కానీ ఎందుకని అడుగుతుంది. పాల కోసమంటే అన్నప్రాశన కథ మళ్ళీ మొదటినుంచీ వస్తుంది.

మామూలు జగ్గులోంచి ఒక చుక్క పాలు మీటరులో దూర్చే పట్టీకి అంటించారు. మీటరు 'లో' అంది, అంటే గ్లూకోజు దాదాపు లేదని. ప్లాస్మా పెట్టి ఎంజైము అతికించిన జగ్గులోంచి ఇంకో చుక్క. అంకె వచ్చింది. టీ తాగి వచ్చి చూస్తే ఇంకా పెద్ద అంకె. భోజనం చేసి వచ్చి చూస్తే అంకెలు చాలక మీటరు 'హై' అని చేతులెత్తేసింది.

"కడుగు," అన్నారు ప్రొఫెసర్ గారు. డోర్కాస్ జగ్గుని సబ్బునీళ్ళతో కడిగింది. తాజాపాలు పోశారు. మళ్ళీ 'హై'. మర్నాడు వేన్నీళ్ళు, ఆ మర్నాడు ఉప్పునీళ్ళు. ఏం చేసినా ఎంజైము ఊడి రాలేదు. ల్యాబ్ అసిస్టెంట్ పరితోష్ బ్రష్షు పట్టుకొచ్చి, "నేను రుద్దుతాను, మా యూనియన్ తరఫున ఒక ప్రయత్నం," అని చొక్కా చేతులు మడిచాడు. అప్పుడూ ఊడలేదు. ఆ సాయంత్రం మృత్యుంజయ గారు ఈల వేసుకుంటూ లేక్ మార్కెట్ దగ్గర బస్సు దిగి ఇంటికి నడిచారు. ఆయన ఈల వెయ్యగలరని లలితాంబకి పెళ్ళయిన ఇన్నేళ్ళకి తెలిసింది.

మూడు నెలలకోసారి లలితాంబ డాక్టరుకి మీటరు తీసుకెళ్ళి చూపించుకుంటుంది. పాత అంకెలన్నీ అందులోనే ఉంటాయి గనక డాక్టరు మీట నొక్కుతూ వెనక్కి చూసుకుంటూ పోతాడు. ఈసారి నాలుగుసార్లు నొక్కి కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇవి ఎవరివి?" అన్నాడు బెంగాలీలో.

"నావే."

"మధ్యాహ్నం పన్నెండింటికి 'లో'. రెండు కాకుండానే 'హై'. మళ్ళీ 'హై'. ఒకే మనిషికి ఒకే రోజున ఇలా అయితే, ఆ మనిషి కుర్చీలో కూర్చుని నాతో మాట్లాడకూడదు, అమ్మా."

లలితాంబ ఆలోచించింది. మధ్యాహ్నం పూట తను మీటరు ముట్టుకోదు. పట్టీల డబ్బా ఈ మధ్య తొందరగా ఖాళీ అవుతోంది కూడా. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఇక మిగిలింది ఎవరు?

"ఆ మనిషి నడుస్తున్నాడా?" అడిగాడు డాక్టరు ఆమె మొహం చూసి.

"నడవడమేమిటండీ, ఈల కూడా వేస్తున్నారు."

"వెంటనే తీసుకురండి," అన్నాడాయన.

వెంటనే తీసుకురావడం అంత సులువు కాదని ఆమెకి తెలుసు. మృత్యుంజయ గారు జబ్బు దాచుకునే రకం. ఒకసారి పంటినొప్పిని బుగ్గ బూరెలా పొంగేదాకా ఒప్పుకోలేదు. నిలదీస్తే ఇంకా లోపలికి ముడుచుకుపోతారు. ఇంటికొచ్చి వరండాలో కూర్చుంది. కింద ట్రాము గంట కొట్టుకుంటూ వెళ్తోంది. తనకి షుగరొచ్చినప్పుడు ఆమె భయపడలేదు. ఇప్పుడు భయపడింది. ఈ మనిషి తనకి తెలియకుండా, తన మీటరే దొంగతనంగా తీసుకెళ్ళి, ఒంటరిగా వేలు గుచ్చుకుంటున్నాడే అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపటికి లేచి కాకరకాయలు కొనుక్కురావడానికి బజారుకి వెళ్ళింది.

మర్నాటినుంచి మృత్యుంజయ గారి తిండి మారిపోయింది. పొద్దున్నే కాకరకాయ రసం. మధ్యాహ్నం క్యారియరులో అన్నం స్థానంలో జొన్నరొట్టె, మెంతికూర. రాత్రి మళ్ళీ అదే, ఇంకాస్త పల్చగా.

"ఏమిటోయ్ ఇది?" అన్నారాయన.

"ఒంటికి మంచిది," అంది ఆమె. ఆయన వైపు చూడకుండా ఇంకో రొట్టె వేసింది. పాయేష్ తిన్నందుకు ఇంకా కోపంగా ఉందనుకుని ఆయన నోరెత్తకుండా తినేశారు.

ఆ వారంలోనే లలితాంబ ల్యాబుకి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. ఆయన క్లాసు చెబుతున్న సమయం చూసుకుని వచ్చి, డోర్కాస్‌ని వరండా చివరికి తీసుకెళ్ళింది.

"అమ్మాయ్, సార్‌ని కాస్త కనిపెట్టుకుని ఉండు. ఆయనకి షుగరు. బాగా ముదిరిపోయింది. నాకు చెప్పటంలేదు. నేను చెప్పానని ఆయనకి తెలియనివ్వకు."

డోర్కాస్ తలూపింది. మీటరు ఎవరిదో ఆమెకి తెలియదు. తెలిసినవాళ్ళది అన్న మాటే ఆమెకి తెలుసు. పాపం సార్, అందుకేనా ఈమధ్య అంత చిక్కిపోయారు అనుకుంది. చిక్కిపోవడం నిజమే. జొన్నరొట్టె చేసిన పని అది.

అసలు చిక్కు ఏమిటంటే, పాలు రుచి చూసే రోజు దగ్గరపడింది. ల్యాబులో చేసింది ఏదీ నోట్లో పెట్టకూడదని నియమం. అందుకని తినడం కోసమని వేరే కొత్త జగ్గు, వేరే ఎంజైము సీసా, అన్నీ శుభ్రంగా విడిగా సిద్ధం చేశారు. అందులో పాలు పోసి, వాటితో క్యాంటీనులో పాయేష్ వండించి, అధ్యాపకులందరి ముందూ తాను తిని చూపించాలని ప్రొఫెసర్ గారి కోరిక. డోర్కాస్ రోజుకొక వంకతో దాన్ని వాయిదా వేయసాగింది.

"ఇంకోసారి కడిగి చూద్దాం సార్."

"ఎన్నిసార్లు కడుగుతావమ్మా! జగ్గు అరిగిపోతుంది."

ఇంట్లో సంగతి చెబితే కాంతం నేరేడు గింజల పొడి పొట్లం కట్టి ఇచ్చింది. "మా పెదనాన్నకి దీంతోనే తగ్గింది. రోజూ చెంచాడు." అది తిన్నగా చేతికివ్వలేక డోర్కాస్ ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆయన పొట్లం విప్పి, వాసన చూసి, "ఇది ఏ ఎంజైము? చీటీ రాయకుండా ఏదీ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను!" అని కేకలేశారు. పరితోష్ దాన్ని జాగ్రత్తగా సీసాలో పోసి, 'గోధుమరంగు, తెలియదు' అని చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టాడు.

ఆఖరికి ఒక శుక్రవారం ప్రొఫెసర్ గారు తనే పాలు పోసేసి, తనే క్యాంటీనుకి పంపించారు. డోర్కాస్ పరుగున కిందికి వెళ్ళి టెలిఫోను బూత్‌లోంచి లలితాంబకి ఫోన్ చేసింది. "అమ్మా, ఇవాళే తింటన్నారు. నేను ఆపలేను. బేగి రండి."

సాయంత్రం సెమినారు గదిలో పది పదిహేనుమంది చేరారు. క్యాంటీను వంటవాడు పాయేష్ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది బెల్లం వేసినట్టు గోధుమరంగులో ఉంది.

"బెల్లం వెయ్యలేదు బాబూ," అన్నాడతను కాస్త అనుమానంగా. "పంచదార కూడా సగమే పట్టింది. పాలే తియ్యగా ఉన్నాయి. రంగు దానంతటదే వచ్చింది."

"అదే మరి!" అన్నారు మృత్యుంజయ గారు మెరిసే కళ్ళతో. ముక్కలయిన చక్కెర ముందటికన్నా తీపిగా ఉంటుందనీ, మరిగితే తొందరగా రంగు తిరుగుతుందనీ అందరికీ వివరించి, చెంచా నింపి నోటి దాకా తెచ్చారు.

"వద్దు సార్!"

గదంతా డోర్కాస్ వైపు తిరిగింది. ఆమె మొహం ఎర్రబడిపోయింది. ప్రొఫెసర్ గారి చెంచా గాల్లో నిలిచిపోయింది.

"ఎందుకు వద్దు? ఎంజైము అతకలేదా?"

"అది కాదు సార్... మీకు..."

అంతలో తలుపు తోసుకుని లలితాంబ వచ్చింది. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కినట్టుంది, రొప్పుతోంది. తిన్నగా వెళ్ళి ఆయన చేతిలోంచి చెంచా లాక్కుంది.

"ఏవండీ, మీకేమైనా మతి ఉందా? ఇంత షుగరు పెట్టుకుని పాయసం తింటారా? నాతో ఒక్క మాట చెప్పకూడదూ? నేనేమైనా పరాయిదాన్నా?" అంటూ సంచీలోంచి మీటరు తీసి మీట నొక్కి ఆయన మొహానికి ఎదురుగా పట్టుకుంది. "ఏమిటిది? 'హై'! ఇదేమిటి? మళ్ళీ 'హై'! డాక్టరు ఈ మనిషి బతికున్నాడా అని అడిగాడు!"

మృత్యుంజయ గారు మీటరు వంక చూశారు. తరవాత జగ్గు వంక చూశారు. కాకరకాయ రసం, జొన్నరొట్టె, మెంతికూర, బల్ల మీద గోధుమరంగు పొడి, అన్నీ ఒక్కసారిగా ఆయనకి అర్థమయ్యాయి.

"లలితా," అన్నారు చిన్న గొంతుతో, "అది నాది కాదు. పాలది."

"ఏ పాలది?"

"ఈ పాలది. పాలలో గ్లూకోజు చూడ్డానికి నీ మీటరు తెచ్చాను. నీకు చెప్పకుండా."

డోర్కాస్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "మీటరు మేడంగారిదా సార్? తెలిసినవాళ్ళదన్నారు కదా!"

లలితాంబ నమ్మలేదు. తనకి తెలిసిన మృత్యుంజయ గారు ఇంతకన్నా పెద్ద కథలు అల్లగలరు. అక్కడికక్కడే ఆయన వేలు పట్టుకుని సూది గుచ్చింది. అందరూ తలలు చాచి చూశారు. అంకె నూరు లోపే ఉంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

"అయితే బౌదీ, ఆస్పత్రిలో చేర్చాల్సింది పాలని," అన్నాడు పరితోష్, బెంగాలీ వరసన ఆమెని వదినని చేసి, గంభీరంగా.

ముందు నవ్వింది లలితాంబే. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత నవ్వు ఆపి, భర్తని ఒక చూపు చూసింది. అందులో పట్టీల లెక్క ఇంటికెళ్ళాక తేలుతుందన్న సంగతి ఆయనకి స్పష్టంగా అర్థమయింది. చెంచా తిరిగి ఆయన చేతికిచ్చింది.

ఆయన తిన్నారు. గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు. ఆ తరవాత మొదలయింది అసలు పరీక్ష. పాలు ఆయన మీద పగ తీర్చుకోవడానికి గంట, గంటన్నర చాలు. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. టీలు తెప్పించుకుని ఆయన చుట్టూ కూర్చున్నారు. బయట రోడ్డు మీద ఎర్రజెండాల ఊరేగింపు 'చల్‌బే నా, చల్‌బే నా' అంటూ, ఇక సాగనివ్వమని అరుస్తూ వెళ్తోంది. ప్రతి ఐదు నిమిషాలకీ ఎవరో ఒకరు "ఎలా ఉంది?" అని అడగటం, ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని, చెవి పెట్టి వింటున్నవాడిలా తల వంచి, "నిశ్శబ్దం," అనడం.

ఒకసారి మాత్రం గుడగుడమని గట్టిగా శబ్దం వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. ప్రొఫెసర్ గారు కూడా బెదిరిపోయి తలుపు వైపు చూశారు. తీరా అది పక్కగదిలో వాక్యూమ్ పంపు. పరితోష్ వెళ్ళి కట్టేసి వచ్చాడు.

గంటన్నర గడిచింది. ఏమీ కాలేదు. ఊరేగింపు వెళ్ళిపోయింది, టీలు అయిపోయాయి, ఇక చూడ్డానికేం లేదని తెలిసి జనం ఒక్కొక్కరే లేచారు. వెళ్తూ వెళ్తూ ఒక ముసలి ప్రొఫెసర్, తనకీ పాలు పడవనీ ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదనీ మృత్యుంజయ గారి చెవిలో చెప్పి, ఆ జగ్గు ఒక వారం అప్పిస్తారా అని అడిగాడు.

అందరూ వెళ్ళాక లలితాంబ డోర్కాస్ దగ్గరికి వచ్చింది. "నాకేం కక్కుర్తి లేదు గానీ అమ్మాయ్, ఆయన కడుపు చల్లబడటానికి మీరు పాలలో షుగరు పుట్టించారు. మరి నేను తాగొచ్చా?"

"షుగరు కొత్తగా పుట్టలేదమ్మా. ముందూ పాలల్లోనే ఉంది, జోడు కట్టి. మీ కడుపు ఎలాగా దాన్ని విడగొట్టుకుంటాది. ఇక్కడ ముందే విడగొట్టీసినాం, అంతే. మీకు ఆ పాలెంతో ఈ పాలూ అంతే. డాక్టరుగారు చెప్పినంతే తాగాల."

"అంటే నాకేం లాభం లేదన్నమాట," అంది ఆమె. కానీ కోపంగా అనలేదు. తెరిచిన తలుపులోంచి పక్కనున్న ల్యాబులోని స్టీలు డబ్బానీ, దానికి అమర్చిన గుండ్రటి గాజు కిటికీనీ చూస్తోంది. "అతికించడమంటే ఇందులోనేనా? చూపిస్తావా?"

డోర్కాస్ ప్రొఫెసర్ గారి వైపు చూసింది. ఆయన తలూపి, వాళ్ళతో ల్యాబులోకి నడిచి, ఒక జగ్గు డబ్బాలో పెట్టి తనే పంపు వేశారు. డబ్బాలో గాలి పోయేదాకా ముగ్గురూ కిటికీ దగ్గర నిలబడ్డారు. తరవాత డోర్కాస్ మీట తిప్పింది. గాజు వెనక పలచటి వంగపండు రంగు వెలుగు పుట్టి, లోపల ఉన్న జగ్గు చుట్టూ పొగమంచులా కమ్ముకుంది. లలితాంబ కిటికీకి మొహం ఆనించి చూసింది. ఆ వెలుగు ఆమె చెంపల మీద పడింది.

"నేనింకా మీరు ఇక్కడ పరీక్ష కాగితాలు దిద్దుకుంటూ ఉంటారనుకున్నాను," అంది వెనక్కి తిరగకుండానే.

"అదీ ఉంటుంది," అన్నారాయన.

ఆమె వెలుగు ఆరిపోయేదాకా చూసింది. "ఇంకోసారి వెయ్యమ్మా," అంది డోర్కాస్‌తో.